వందేళ్ల నాటి రోలర్ కోస్టర్ ఎక్కడం ఎలా: ఏది, ఎప్పుడు, ఏ వరసలో

కొత్త స్టీల్ కోస్టర్ ఎక్కడానికి పెద్దగా తెలియాల్సిందేమీ లేదు. వెళ్లి కూర్చుంటే భుజాల మీదకి బార్ దిగుతుంది, మిగతాదంతా కంప్యూటర్ చూసుకుంటుంది. 1902లోనో, 1912లోనో, 1920లోనో కట్టిన చెక్క కోస్టర్ సంగతి వేరు. ఏ వరసలో కూర్చున్నారు, పొద్దున ఎక్కారా పొద్దుపోయాక ఎక్కారా, బండి నిండుగా ఉందా, పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టి అదే ట్రాక్ మీద రైడ్ పూర్తిగా మారిపోతుంది. సరైన చోట కూర్చుంటే గంటకు 70 కిలోమీటర్లకే గుండె ఝల్లుమంటుంది. తప్పు చోట కూర్చుంటే నడుం నొప్పి తప్ప ఏమీ మిగలదు.

ఈ తేడాలన్నిటికీ మూలం ఒకటే: బండిని ట్రాక్ మీద ఏది పట్టి ఉంచుతోంది? దీనికి జవాబు తెలిస్తే సీటు, సమయం, కూర్చునే పద్ధతి వాటంతట అవే తేలతాయి. అందుకే మొదటి మెట్టు అదే.

1. కోస్టర్ ఏ రకమో ముందు తెలుసుకోండి

పాత కోస్టర్లలో మూడు రకాలున్నాయి.

మొదటిది సైడ్ ఫ్రిక్షన్. దీని ట్రాక్ పొడవాటి తొట్టిలా ఉంటుంది. బరువు మోసే చక్రాలు కింద దొర్లుతాయి. రెండు పక్కలా నిలువు పలకలుంటాయి, బండికి అడ్డంగా బిగించిన చిన్న చక్రాలు వాటికి రాసుకుంటూ పోతాయి. మట్టిబాటలో ఎడ్లబండి చక్రం గాడి వెంట పోయినట్టు, బండి ఆ తొట్టి దాటి పక్కకు పోలేదు. పైకి లేవకుండా ఆపేది మాత్రం దాని బరువొక్కటే, పట్టా కింద పట్టుకునే చక్రమేదీ ఉండదు. అందుకే వేగం పెంచడానికి వీల్లేదు, గుట్టలు కూడా మెల్లగా లేచి మెల్లగా దిగాలి.

దీనికి మిగిలిన గొప్ప ఉదాహరణ అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, ఆల్టూనా ఊళ్లోని లేక్‌మాంట్ పార్క్‌లో ఉన్న లీప్ ద డిప్స్. 1902లో కట్టారు. ఈ రోజుకీ నిలబడి ఉన్న రోలర్ కోస్టర్లలో ప్రపంచంలో ఇదే అన్నిటికన్నా పాతది. ఎత్తు 12 మీటర్ల పైచిలుకు, పొడవు సుమారు 440 మీటర్లు, అతి పెద్ద దిగుడు మూడు మీటర్లు కూడా ఉండదు. సగటు వేగం గంటకు 16 కిలోమీటర్లు. సైకిల్ మీద దీన్ని దాటేయొచ్చు. అయినా సీటు బెల్టు, ఒళ్లో బార్, తల వెనక దిండు ఏవీ లేకుండా కట్టిన బండిలో ఆ 16 కిలోమీటర్లే ఎక్కువ అనిపిస్తాయి. 1985లో మూతపడింది, 1996లో జాతీయ చారిత్రక కట్టడం హోదా వచ్చింది, మరమ్మతులయ్యాక 1999లో మళ్లీ తిరిగింది.

రెండో రకం సీనిక్ రైల్వే. ఇక్కడ బండిలోనే ఒక మనిషి ఉంటాడు, అతనే బ్రేక్‌మన్. ఈ బండ్లకూ కింది చక్రాలు లేవు. గుట్ట మీదకి మరీ వేగంగా వస్తే బండి లేచే ప్రమాదముంది కాబట్టి, ఎక్కడ ఎంత తగ్గించాలో ఆ మనిషి లీవర్ పట్టుకుని చూసుకుంటాడు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరం, సెయింట్ కిల్డాలోని లూనా పార్క్ సీనిక్ రైల్వే 1912 డిసెంబరు 13న పార్కుతో పాటే మొదలైంది. ఆగకుండా నడుస్తూ వస్తున్న కోస్టర్లలో ప్రపంచంలోకెల్లా పాతదన్న పేరు దీనిదే. ఆల్టూనాది అంతకన్నా పాతదే, కానీ మధ్యలో ఏళ్ల తరబడి ఆగిపోయింది. ఈ రెండు బిరుదులనీ కలిపేసి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, టికెట్ కొనే ముందు తేడా గుర్తుంచుకోండి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లోని టివోలీ గార్డెన్స్‌లో 1914 నాటి రుట్‌షెబానెన్ కూడా బ్రేక్‌మన్ బండే.

మూడో రకం అండర్ ఫ్రిక్షన్. పట్టా మీద ఒక చక్రం, పక్కన ఒకటి, కింద ఒకటి. ఇలా మూడు వైపులా పట్టుకుంటే బండి ఎటూ పోలేదు. అమెరికా డిజైనర్ జాన్ మిల్లర్ 1919లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అక్కణ్ణుంచి నిటారు దిగుళ్లు, కూర్చున్నవాళ్లని సీట్లోంచి లేపేసే గుట్టలు సాధ్యమయ్యాయి. మరుసటి ఏడే, 1920లో, అతని జాక్ ర్యాబిట్ పిట్స్‌బర్గ్ పక్కనున్న కెనీవుడ్ పార్క్‌లో మొదలైంది. కాలిఫోర్నియాలో శాంటా క్రూజ్ జెయింట్ డిప్పర్ (1924), న్యూయార్క్ కోనీ ఐలండ్ సైక్లోన్ (1927) ఈ జాతివే.

ఒక్క మాట. వీటిలో "పాతది" అంటే ట్రాక్ గీత, కట్టిన తీరు, కొన్నిచోట్ల బండ్లు. చెక్క మాత్రం ఏటా కొంత కొంతగా మారుతూనే ఉంటుంది. ఇంగ్లండ్‌లో మార్గేట్ పట్నంలోని డ్రీమ్‌ల్యాండ్ సీనిక్ రైల్వే 1920 నాటిది. 2008లో నిప్పంటించడం వల్ల చాలా భాగం కాలిపోతే మళ్లీ కట్టి 2015లో తెరిచారు. దాన్ని పాతది అనొచ్చా అని వాదించుకోవచ్చు గానీ, ఆ లెక్కన ఏ చెక్క కోస్టరూ పాతది కాదు.

2. ఏది ముందు, ఏది తర్వాత ఎక్కాలి

నెమ్మదివి ముందు, వేగమైనవి తర్వాత. ఇది భయం పోగొట్టుకోవడానికి చెప్పే సలహా కాదు. సైక్లోన్ ఎక్కి వచ్చినవాళ్లకి లీప్ ద డిప్స్ చప్పగా ఉంటుంది, దాని గొప్ప తెలియదు. ముందు సైడ్ ఫ్రిక్షన్ ఎక్కితే, బండి పక్క పలకలకి తగిలి ఎగిరెగిరి పడుతుంటే "దీన్ని కింద పట్టుకునేది ఏదీ లేదు" అని ఒంటికి తెలుస్తుంది. ఆ తర్వాత బ్రేక్‌మన్ బండి ఎక్కితే అతను ఎందుకున్నాడో అర్థమవుతుంది. అప్పుడు జాక్ ర్యాబిట్ మీద గాల్లోకి లేచినప్పుడు మిల్లర్ చక్రం ఏం చేసిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అన్నీ ఒక్క ప్రయాణంలో కుదరవు, నిజమే. కానీ పెన్సిల్వేనియాలో మొదటిదీ మూడోదీ ఒకే వారాంతంలో కుదురుతాయి. ఆ దారి కింద చెప్తాం.

3. బయల్దేరే ముందు

పార్కు తెరిచి ఉందా అని చూస్తే సరిపోదు, ఆ కోస్టర్ ఆ రోజు నడుస్తోందా అని చూడాలి. ఈ రెండూ ఒకటి కాదు. పాతవాటిని మరమ్మతుల కోసం నెలల తరబడి, ఒక్కోసారి సీజన్ మొత్తం ఆపేస్తారు. లీప్ ద డిప్స్, మార్గేట్ ఈ విషయంలో ఏమాత్రం నమ్మకం లేనివి. పార్క్ వెబ్‌సైట్ చూసి ఊరుకోకుండా ఫోన్ చేసి "ఈ శనివారం మనుషుల్ని ఎక్కిస్తున్నారా" అని సూటిగా అడగండి.

చూసుకోవాల్సిన ఇతర విషయాలు:

- సీజన్. కెనీవుడ్ కోస్టర్లు ఏడాది పొడవునా నడవవు. టివోలీ ఏడాదిలో విడివిడి సీజన్లుగా తెరుస్తుంది. మెల్‌బోర్న్ లూనా పార్క్ ప్రధానంగా వారాంతాలు, బడి సెలవుల్లో నడుస్తుంది. అక్కడ ఎండాకాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా.
- టికెట్ పద్ధతి. టివోలీలో లోపలికి వెళ్లే టికెట్ వేరు, రైడ్ల పాస్ వేరు. జెయింట్ డిప్పర్ ఉన్న పార్కు శాంటా క్రూజ్ బోర్డ్‌వాక్‌లోకి వెళ్లడానికి డబ్బు కట్టక్కర్లేదు, ఎక్కిన రైడ్‌కే కట్టొచ్చు. ఒక్క కోస్టర్ కోసమే వెళ్తుంటే ఈ తేడా జేబుకి బాగా తెలుస్తుంది.
- ఎత్తు హద్దు. సైక్లోన్‌కి 54 అంగుళాలు (137 సెంటీమీటర్లు), జెయింట్ డిప్పర్‌కి 50 అంగుళాలు (127 సెంటీమీటర్లు). గేటు దగ్గర కొలకర్ర ఉంటుంది, బతిమాలితే ఒప్పుకోరు. పిల్లల్ని ఇంట్లోనే గోడకి ఆనించి కొలిచి తీసుకెళ్తే అక్కడ ఏడుపులుండవు.
- వాన. బ్రేకు చెక్కలు తడిస్తే పట్టు తగ్గుతుంది. బ్రేక్‌మన్ బండ్లని వానొస్తే ఆపేయొచ్చు. పొద్దునకి వాన అంచనా ఉంటే సాయంత్రానికి టైం పెట్టుకోండి.

ఎవరు ఎక్కకూడదన్న విషయంలో మొహమాటం వద్దు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, మెడ వెన్నెముక సమస్యలున్నవాళ్లు, ఈమధ్యే కంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు దూరంగా ఉండాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, అత్తమామల్ని "ఇది నెమ్మదిగా పోతుంది, ఏం కాదు" అని ఎక్కించేసేవాళ్లు ఉంటారు. వేగం తక్కువైనంత మాత్రాన కుదుపు తక్కువ కాదు. చెక్క ట్రాక్ మీద మెడకి తగిలే దెబ్బ కొత్త స్టీల్ కోస్టర్ కన్నా ఎక్కువే. దానికి తోడు పాత బండ్లు బాగా కిందకి ఉంటాయి. ప్లాట్‌ఫాం మీంచి ఒక కాలు లోపల పెట్టి, మోకాలు వంచి, కుంగి కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి దిగడం ఎక్కడం కన్నా కష్టం.

బట్టలు: చున్నీ, పమిట కొంగు వేలాడేలా ఉండకూడదు. చున్నీ తీసి బ్యాగులో పెట్టండి. నడుముకి కట్టుకున్నా ముడి జారితే పక్క చక్రాల దాకా పోగలదు. చీరతో ఎక్కాల్సివస్తే కొంగు నడుముకి బిగించి దోపి, పైన జిప్ ఉన్న జాకెట్ వేసుకోండి. మంగళసూత్రం, గొలుసులు జాకెట్ లోపలికి. గాజు గాజులు తీసేయడమే మంచిది. చేతులు బార్‌కి కొట్టుకుంటాయి. కళ్లద్దాలకి వెనక తాడు ఉండాలి. ఫోన్ జిప్ జేబులో ఉండాలి, లేదా లాకర్‌లో. ప్యాంటు వెనక జేబులో ఫోన్ పెట్టుకుని గాల్లోకి లేస్తే, తిరిగి కూర్చునేది మీరు మాత్రమే.

తిండి: రైడ్‌కి గంటన్నర, రెండు గంటల ముందు తేలిగ్గా ఏదైనా తినండి. ఖాళీ కడుపుతో ఎక్కినా కడుపులో తిప్పుతుంది.

4. క్యూలో నిలబడ్డప్పుడు చూడాల్సినవి

క్యూలో ఫోన్ చూసుకుంటూ గడిపేస్తే సగం సమాచారం పోతుంది. రెండు మూడు బండ్లు వెళ్లేదాకా కళ్లప్పగించి చూడండి.

ట్రాక్ చెక్క రంగు చూడండి. చెక్క ట్రాక్ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన పలకలు, మామూలుగా ఏడెనిమిది పొరలు. అన్నిటికన్నా పైన సన్నటి ఇనుప పట్టీ, చక్రం దొర్లేది దాని మీదే. పాత పలకలు ఎండకీ వానకీ బూడిద రంగుకి తిరుగుతాయి. కొత్తగా వేసినచోట లేత పసుపు రంగులో తేలిపోతుంటాయి. లేత రంగు ఉన్నచోట బండి సాఫీగా పోతుంది, నల్లబడ్డ మలుపుల దగ్గర కుదుపు తప్పదు. మొదటి దిగుడు కింద, పెద్ద మలుపుల్లో రంగు గమనిస్తే ఎక్కడ ఒళ్లు బిగించాలో ముందే తెలుస్తుంది.

బండి వంక చూడండి. ఒక్కో పెట్టెలో ఎన్ని వరసలున్నాయి, చక్రాలు ఎక్కడున్నాయి? సీటు ఎంచుకోవడానికి ఇదే ఆధారం.

మలుపులు ఎక్కువగా ఎటు తిరుగుతున్నాయో చూడండి. బండి ఎడమకి తిరిగితే ఒళ్లు కుడికి పడుతుంది. బరువైన మనిషి లోపలి వైపు కూర్చుంటే, మలుపులో జారి వచ్చి తేలికైన మనిషిని పక్క గోడకి నొక్కేస్తారు. కాబట్టి బరువైనవాళ్లు బయటి వైపు.

ఇంకొకటి, తోడు లేకుండా వెళ్తే కొన్నిటిలో ఎక్కనివ్వరు. కెనీవుడ్‌లో థండర్‌బోల్ట్ అనే ఇంకో చెక్క కోస్టర్ ఒంటరి ప్రయాణికుల్ని తీసుకోదు. క్యూలో ఇంకో ఒంటరి మనిషిని వెతుక్కోవాలి. పలకరిస్తే ఎవరూ కాదనరు.

5. సీటు ఎంచుకోవడం

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు.

రెండు ఇరుసుల మీద నడిచే మూడు వరసల పెట్టెలో మొదటి వరస, మూడో వరస చక్రాలకి దగ్గరగా ఉంటాయి. పట్టా మీద ప్రతి అతుకూ నేరుగా వెన్నులోకి వస్తుంది. మధ్య వరస రెండు ఇరుసుల నడుమ ఉంటుంది కాబట్టి అక్కడ కుదుపు బాగా తగ్గుతుంది. నాలుగు వరసల పెట్టె అయితే మధ్య రెండు వరసలు. మొదటిసారి ఎక్కేవాళ్లు, నడుం భయమున్నవాళ్లు ముందు పెట్టెలో మధ్య వరస పట్టుకోవాలి.

ముందు, వెనక తేడా వేరు. దిగుడు అంచుకి వచ్చినప్పుడు ముందు పెట్టె మెల్లగా అంచు దాటుతుంది, ఎందుకంటే మిగతా బండి ఇంకా వెనక ఎక్కుతూనే ఉంది. కిందంతా కనిపిస్తుంది, కానీ లాగినట్టు ఉండదు. వెనక పెట్టె అంచుకి వచ్చేసరికి ముందు పెట్టెలు అప్పటికే దూసుకుపోతుంటాయి, అవి వెనకదాన్ని అంచు మీంచి ఒక్క గుంజు గుంజుతాయి. సీట్లోంచి లేవాలంటే వెనక, దృశ్యం కావాలంటే ముందు.

జాక్ ర్యాబిట్ దీనికి తిరుగులేని రుజువు. దీన్ని లోయ వాలు మీద కట్టారు. నిర్మాణం ఎత్తు 12 మీటర్లే అయినా పెద్ద దిగుడు 21 మీటర్ల దాకా వస్తుంది. బండి స్టేషన్ వదలగానే ముందు లోయలోకి దిగుతుంది, గొలుసు కట్టి పైకి లాగడం ఆ తర్వాత. లిఫ్ట్ దాటాక వచ్చేదే పేరుమోసిన డబుల్ డిప్: ఒక దిగుడు, మధ్యలో ఒక్క క్షణం చదును, వెంటనే ఇంకో దిగుడు. చదును మీద ఒళ్లు కుదురుకునే లోపే ట్రాక్ మళ్లీ కింద పడిపోతుంది. ముందు వరసలో ఇది సరదాగా ఉంటుంది. చివరి వరసలో మాత్రం సీటుకీ మీకూ మధ్య స్పష్టంగా గాలి కనిపిస్తుంది. చివరి వరస చక్రం మీదే ఉన్నా, ఇక్కడ మాత్రం అదే కావాలి. వేగం గంటకు 72 కిలోమీటర్లు దాటదు కాబట్టి కుదుపు భరించొచ్చు. సైక్లోన్ చివరి వరస గురించి ఇదే మాట చెప్పలేం. అక్కడ మొదటి దిగుడు 58 డిగ్రీల వాలు, వేగం గంటకు 97 కిలోమీటర్లు. మొదటిసారి మధ్య పెట్టె చాలు.

బ్రేక్‌మన్ బండిలో అయితే అతని వెనక వరస దొరికితే వదలొద్దు. అతని చేతుల్ని చూడటం కోసమే.

ఇష్టమైన వరస కోసం ఇంకో బండి దాకా ఆగుతామంటే చాలా పార్కులు ఒప్పుకుంటాయి. గేటు దగ్గరున్నవాళ్లని అడగండి, వెనకవాళ్లకి దారి ఇవ్వండి.

6. ఏ సమయానికి ఎక్కాలి

పొద్దున మొదటి బండ్లు నెమ్మది. చక్రాల బేరింగులు, పట్టాల మీద గ్రీజు ఇంకా చల్లగా ఉంటాయి. ఎండెక్కి బండ్లు తిరిగేకొద్దీ రాపిడి తగ్గి వేగం పెరుగుతుంది. సాయంత్రానికి అదే కోస్టర్ పొద్దుటి కంటే చురుగ్గా ఉంటుంది. నిండు బండి ఖాళీ బండి కన్నా వేగంగా పోతుంది, బరువు పెరిగినంతగా గాలి అడ్డు పెరగదు కాబట్టి. ఈ రెండూ కలిపితే లెక్క ఇలా తేలుతుంది: పొద్దున క్యూ లేనప్పుడు ఒకసారి ఎక్కి ట్రాక్ తెలుసుకోండి, పార్కు మూసే ముందు గంటలో నిండు బండిలో మళ్లీ ఎక్కండి.

చెక్క కోస్టర్లు పార్కు గేట్లు తీయగానే మొదలు కాకపోవచ్చు. ప్రతి పొద్దునా మెకానిక్‌లు ట్రాక్ వెంట నడిచి, బోల్టులు చూసి, మేకులు లేచినచోట కొట్టి, ఖాళీ బండి తిప్పి చూశాకే మనుషుల్ని ఎక్కిస్తారు. ఆలస్యమైతే విసుక్కోకండి.

7. ఎలా కూర్చోవాలి

1. లోపలికి జరిగి, నడుం కింది భాగం సీటుకి పూర్తిగా ఆనించండి. వీపు పైభాగం మాత్రం సీటుకి గట్టిగా నొక్కొద్దు, రెండు వేళ్ల సందు వదలండి. గట్టిగా ఆనిస్తే ట్రాక్ అదురంతా తలకి ఎక్కుతుంది, తలనొప్పి వచ్చేది ఇందుకే.
2. పాదాలు రెండూ నేలకి బాగా ఆనాలి. అదురుని కాళ్లు తీసుకోవాలి, వెన్ను కాదు.
3. బార్ దించాక మీరే ఒకసారి కిందకి నొక్కి చూసుకోండి. చాలా పాత బండ్లలో ఇద్దరికీ కలిపి ఒకే బార్ ఉంటుంది. అది లావుగా ఉన్నవాళ్ల తొడ దగ్గరే ఆగిపోతుంది, సన్నగా ఉన్నవాళ్లకి నాలుగు వేళ్ల సందు మిగులుతుంది. అందుకే పిల్లల్ని భారీ మనిషి పక్కన కూర్చోబెట్టకండి, ఇంట్లో అందరికన్నా సన్నగా ఉన్నవాళ్ల పక్కన కూర్చోబెట్టండి.
4. రెండు చేతులూ బార్ మీద, మోచేతులు లోపలికి. పాత నిర్మాణాల్లో దూలాలు బండికి దగ్గరగా పోతాయి, చెయ్యి బయటికి చాచొద్దు.
5. గడ్డం కాస్త కిందకి, మెడ వదులుగా. ముందు చూపు. మలుపు వచ్చే ముందు దాన్ని చూస్తే ఒళ్లు తనే సర్దుకుంటుంది. కళ్లు మూసుకున్నవాళ్లకే మెడ పట్టేస్తుంది.
6. దిగుళ్ల మీద ఊపిరి బిగబట్టొద్దు. అరిస్తే మంచిది, ఊపిరి దానంతట అదే వదులుతారు.

లిఫ్ట్ ఎక్కేటప్పుడు కింద నుంచి టక టక టక అని చప్పుడు వస్తుంది. గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పట్టే ఇనుప కొక్కేలు ఒక్కో పన్ను దాటుతున్న చప్పుడది. అది వినిపిస్తున్నంతసేపూ అంతా సవ్యంగా ఉన్నట్టు.

8. బ్రేక్‌మన్ బండి మీద ప్రత్యేకంగా

మెల్‌బోర్న్‌లో బ్రేక్‌మన్ బండి మధ్యలో నిలబడి ఉంటాడు. కూర్చోడు. ట్రాక్ దాదాపు 970 మీటర్లు, పార్కు అంచుల వెంట చుట్టి వస్తుంది. ఎత్తు మీదికి వచ్చినప్పుడు ఒక వైపు పోర్ట్ ఫిలిప్ అఖాతం, ఇంకో వైపు పార్కు లోపలి భాగం కనిపిస్తాయి. వేగం గంటకు 60 కిలోమీటర్ల దాకా వెళ్తుంది.

అతని చేతుల్ని చూడండి. లీవర్ లాగిన క్షణం వేరు, బండి నెమ్మదించిన క్షణం వేరు. మధ్యలో కాస్త ఆలస్యం ఉంటుంది. అందుకే అతను గుట్ట మీదకి వచ్చాక కాదు, దానికి ముందే బ్రేక్ వేస్తాడు. ఎంత ముందు, ఎంత గట్టిగా అన్నది బండిలో ఎంతమంది ఉన్నారు, గాలి ఎటు వీస్తోంది, పట్టాలు వేడెక్కాయా అన్నదాన్ని బట్టి ప్రతిసారీ మారుతుంది. అదే రోజు ఇంకో బ్రేక్‌మన్ ఉన్నప్పుడు మళ్లీ ఎక్కి చూడండి, అతని చేతి తీరు వేరు.

అతనితో బండి కదిలాక మాట్లాడొద్దు. లేచి నిలబడొద్దు. ఎవరైనా నిలబడితే అతను బండి ఆపేస్తాడు, మిగతావాళ్ల రైడ్ పోతుంది.

యూరప్‌లో ఉన్నవాళ్లకి ఇలాంటివి ఇంకొన్ని దొరుకుతాయి. స్పెయిన్‌లో శాన్ సెబాస్టియన్ పక్కన మోంటే ఇగెల్డో కొండ మీద 1928 నాటి మోంతాన్యా స్విసా ఉంది, కేబుల్‌తో కొండ మీదకి లాగే 1912 నాటి ఫ్యునిక్యులర్ రైల్లో పైకి వెళ్లొచ్చు, ట్రాక్ సముద్రం వైపు కొండ అంచునే సాగుతుంది. ఇంగ్లండ్‌లో గ్రేట్ యార్మత్‌ది 1932. ఫిన్లండ్‌లో హెల్సింకీ లినన్‌మాకి పార్క్‌ది 1951, వయసులో చిన్నదే గానీ లోపలికి ప్రవేశ రుసుము లేదు, బ్రేక్‌మన్ ఉన్నాడు.

9. మధ్యలో ఆగిపోతే

ఎక్కువగా ఆగేది లిఫ్ట్ మీదే. ఏదో సెన్సార్‌కో, ఎవరో టోపీ పడేసుకుంటేనో మోటార్ ఆపేస్తారు. కొక్కేలు పట్టుకున్నాయి కాబట్టి బండి ఎటూ పోదు. బార్ తీయడానికి ప్రయత్నించకండి, పక్కన మెట్లు కనిపిస్తున్నాయి కదా అని దిగకండి. సిబ్బంది పైకి వచ్చి ఒక్కో వరసనీ దింపుతారు, అప్పుడు రెయిలింగ్ పట్టుకుని ఒక్కొక్కరే దిగాలి.

దిగాక కళ్లు తిరిగితే నిష్క్రమణ దారిలో ఆగకుండా పక్కకి వచ్చి కూర్చుని, దూరంగా కదలని వస్తువు ఏదైనా చూడండి. తొడల మీద బార్ కమిలిన గుర్తులు మామూలే. మెడ ఒక వైపు తిప్పలేకపోతేనో, చేతుల్లో తిమ్మిరి వస్తేనో మాత్రం ఇంకో రైడ్ మాట మరిచిపోయి ఫస్ట్ ఎయిడ్ గదికి వెళ్లండి.

10. తెలుగువాళ్లకి చేతికందేవి

పిట్స్‌బర్గ్: పెన్ హిల్స్‌లోని శ్రీవేంకటేశ్వర ఆలయానికి అమెరికా తూర్పు తీరం నుంచి ఏటా వచ్చే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కెనీవుడ్ అక్కడికి కారులో కూతవేటు దూరం. దర్శనానికి పొద్దునే వెళ్లి మధ్యాహ్నానికి పార్కు చేరొచ్చు. గుడిలో పులిహోర, పెరుగన్నం కడుపునిండా తిన్నాక మాత్రం రెండు గంటలు ఆగండి. కెనీవుడ్‌లో వరుస: ముందు జాక్ ర్యాబిట్ మధ్య వరస, తర్వాత 1927 నాటి రేసర్. రేసర్‌లో రెండు బండ్లు పక్కపక్కన పరుగెడతాయి, నిజానికి ట్రాక్ ఒక్కటే. ఎడమ పక్క బయల్దేరిన బండి కుడి పక్కకి తిరిగొస్తుంది. ఆ తర్వాత థండర్‌బోల్ట్. దాని మూలం 1924 నాటి పిప్పిన్ అనే కోస్టర్, 1968లో పెంచి కట్టారు. చీకటి పడ్డాక మళ్లీ జాక్ ర్యాబిట్, ఈసారి చివరి వరస. మర్నాడు ఆల్టూనా, సుమారు 150 కిలోమీటర్లు. లీప్ ద డిప్స్ నడుస్తోందని ఖాయం చేసుకున్నాకే. నడవకపోయినా బయట నిలబడి ఆ తొట్టి ట్రాక్‌ని చూడటానికి అర గంట కేటాయించొచ్చు.

బే ఏరియా: శాంటా క్రూజ్‌కి శాన్ హోసె నుంచి హైవే 17. ఎండాకాలం వారాంతాల్లో పది దాటాక ఆ కొండ దారి కార్లతో నిండిపోతుంది, తొమ్మిదికల్లా దాటేయండి. జెయింట్ డిప్పర్ స్టేషన్ వదలగానే చీకటి సొరంగంలోకి జారుతుంది, లిఫ్ట్ దగ్గరే వెలుతురు కనిపిస్తుంది. పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, భయపడేది దిగుడు దగ్గర కాదు, ఇక్కడే. ఎత్తు 21 మీటర్లు, మొత్తం రెండు నిమిషాల లోపు.

మెల్‌బోర్న్: సిటీలో బోర్క్ స్ట్రీట్ నుంచి 96వ నంబరు ట్రామ్ ఎక్కి లూనా పార్క్ దగ్గర దిగండి, నోరు తెరిచిన పెద్ద ముఖమే గేటు. సముద్రపు గాలి ఎండాకాలంలోనూ చల్లగా కొడుతుంది, స్వెటర్ ఉండాలి.

న్యూయార్క్, న్యూజెర్సీ: డి, ఎఫ్, ఎన్, క్యూ సబ్‌వే రైళ్లలో ఏదైనా చివరి స్టేషన్ దాకా వెళ్లాలి, అక్కణ్ణుంచి సైక్లోన్ నడక దూరం. ఎత్తు 26 మీటర్లు, మూడు పెట్టెలు, ఒక్కోదానిలో నాలుగు వరసలు, మొత్తం 24 మంది. మధ్య పెట్టెలో రెండో వరసగానీ మూడో వరసగానీ అడగండి. దిగాక ప్లాట్‌ఫాం పక్కన ఒక నిమిషం నిలబడితే, వచ్చే బండిని ఆపడానికి ఆపరేటర్ ఒంటి బరువంతా వేసి పొడవాటి బ్రేక్ లీవర్ లాగడం కనిపిస్తుంది.